చేప ఎందుకు బిగుసుకుంటుంది, ఓఆర్ఎస్‌లో పంచదార ఎందుకు ఉంటుంది: కణం లోపలి శక్తి లెక్క

క్లుప్తంగా: ఆహారం నుంచి వచ్చే శక్తిని కణాలు ఏటీపీ అనే అణువు రూపంలో ఖర్చు పెడతాయి. దాన్ని పెద్దగా నిల్వ చేసుకోలేవు, ఎప్పటికప్పుడు తయారు చేసుకోవాల్సిందే. ఆ ఖర్చులో పెద్ద వాటా, కణం పొరకు లోపలా బయటా ఉప్పుల తేడాను నిలబెట్టడానికే పోతుంది. విశాఖ ఉక్కపోతలో వచ్చే నీరసం, ‘ఎనర్జీ’ డబ్బాల మీద భ్రమలు, ఓఆర్ఎస్ పేరు మీద జరిగిన రగడ ఈ తేడా సంగతి తెలిస్తే సులువుగా అర్థమవుతాయి.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున బోటు దిగిన చేపను కొనేవాళ్లు ముందు మొప్పలు తెరిచి చూస్తారు, తర్వాత కళ్లు చూస్తారు, ఆ తర్వాత చేపను తల దగ్గర పట్టుకుని ఎత్తుతారు. వంజరం కర్రలా నిలబడితే బేరం ఒకలా ఉంటుంది, తోక వేలాడిపోతే మరోలా ఉంటుంది. వలలోంచి తీసిన కాసేపటిదాకా చేప మెత్తగానే ఉంటుంది. కొన్ని గంటలకు బిగుసుకుంటుంది. ఇంకొంత సమయం గడిచాక మళ్లీ మెత్తబడుతుంది. ఈ రెండో మెత్తదనం దగ్గరే కొనేవాళ్లు జాగ్రత్త పడతారు.

చచ్చిన చేప బిగుసుకోవడం మామూలు ఆలోచనకు తిరకాసుగా అనిపిస్తుంది. శక్తి అయిపోతే కండ వదులవ్వాలి కదా? జరిగేది దానికి తలకిందులుగా ఉంటుంది. కండలో మయోసిన్, యాక్టిన్ అనే రెండు రకాల పోగులు ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని లాగడం వల్లే కదలిక వస్తుంది. పట్టు విడిపించాలంటే ప్రతి కొక్కేనికీ ఒక ఏటీపీ అణువు వచ్చి అతుక్కోవాలి. ప్రాణం పోయాక ఏటీపీ తయారీ ఆగిపోతుంది, ఉన్న కాస్తా అయిపోతుంది, కొక్కేలు పట్టుకున్నచోటే ఉండిపోతాయి. చేప బిగుసుకుంటుంది. తర్వాత ఎంజైములు కండను లోపలి నుంచి కరిగించడం మొదలుపెడితే అది మళ్లీ మెత్తబడుతుంది. వలలో ఎక్కువసేపు గిలగిలా కొట్టుకున్న చేప తన ఇంధనాన్ని ముందే ఖర్చు చేసేసుకుంటుంది కాబట్టి త్వరగా బిగుసుకుంటుంది.

రుచి కూడా ఈ అణువుతోనే ముడిపడి ఉంది. ఏటీపీ విరిగే క్రమంలో ఐఎంపీ అనే పదార్థం వస్తుంది. తాజా చేప పులుసులో నాలుకకు తగిలే కమ్మదనంలో దానికి వాటా ఉంది. అది ఇంకా విరిగితే వచ్చే హైపోజాంథిన్ చేదు. చేపల తాజాదనాన్ని ప్రయోగశాలలో కొలిచే ‘కె-విలువ’ కూడా ఏటీపీ ఎంతవరకు విరిగిందనే లెక్కే. హార్బర్‌లో చేపను ఎత్తి చూసే చేయి చేసేది దాదాపు అదే పరీక్ష.

భీమవరం కుర్రాడు, నీలిరంగు ద్రావణం

ఈ అణువును వెలికితీసిన వారిలో ఒకరు తెలుగువారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ కణజాలంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు గాఢతను బట్టి చెప్పే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు చదివేది అదే.

కండ నుంచి తీసిన ద్రావణంతో అదే పరీక్ష చేస్తే రంగు వెంటనే రాలేదు, మెల్లగా పెరుగుతూ వచ్చింది. కొలతలో తప్పు దొర్లిందని వదిలేయొచ్చు. వాళ్లు వదల్లేదు. ఫాస్ఫేటును పట్టుకుని ఉండి నెమ్మదిగా వదిలే పదార్థం ఏదో కండలో ఉందన్నమాట. ఆ దారిలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. కండ పని చేయడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని అప్పటిదాకా చెలామణిలో ఉన్న సిద్ధాంతం ఈ దెబ్బతో నిలవలేకపోయింది. దాని వెనకున్న పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ ఇచ్చారు. సుబ్బారావుకు మాత్రం నోబెల్ రాలేదు.

నిల్వ లేని ఇంధనం

మనిషి ఒంట్లో ఏ క్షణంలో చూసినా ఉండే ఏటీపీ కొన్ని పదుల గ్రాములే. రోజంతా ఖర్చయ్యేది మాత్రం దాదాపు మనిషి బరువంత. ఒక్కో అణువూ రోజుకు వందలసార్లు విరిగి, మళ్లీ అతుక్కుంటుంది. కొవ్వు, గ్లైకోజెన్ నిల్వ సరుకులు. విశాఖలో భూగర్భ గుహల్లో దాచిపెట్టే ముడిచమురుతో వాటిని పోల్చొచ్చు. ఆ ముడిచమురు నేరుగా ఏ ఆటోలోనూ పోయలేం. ఏటీపీ అలా కాదు, చేతిలో ఉన్న చిల్లర డబ్బు లాంటిది. ఎంత వస్తే అంత ఖర్చు, తయారీ ఆగితే క్షణాల్లోనే కటకట. ఊపిరి ఆగితే మెదడు నిమిషాల్లో దెబ్బతినడానికి కారణం ఇదే. లోపల గ్లూకోజు ఇంకా ఉన్నా, దాన్ని పూర్తిగా వాడుకునే దారి మూసుకుపోతుంది.

తయారీ రెండు చోట్ల జరుగుతుంది. కణద్రవంలో గ్లూకోజును రెండు ముక్కలు చేసే గ్లైకాలసిస్‌కు ఆక్సిజన్ అక్కర్లేదు. అది వేగంగా సాగుతుంది, కానీ మిగిలేది రెండు ఏటీపీలే. అసలు ఉత్పత్తి అంతా కణం లోపలి చిన్న శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో ఉంటుంది. అది ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి సీలేరు మంచి పోలిక. అక్కడ నీటిని ఎత్తులో ఆపుతారు. ఆ ఎత్తే దాచిన శక్తి. నీటిని కిందికి వదిలితే టర్బైన్ తిరుగుతుంది, కరెంటు వస్తుంది.

మైటోకాండ్రియా లోపలి పొర కూడా ఆనకట్టే. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఒక మెట్టు తర్వాత మరో మెట్టు దిగుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. అలా దిగేటప్పుడు వచ్చే శక్తితో పొరలోని ప్రోటీన్లు ప్రోటాన్లను, అంటే హైడ్రోజన్ అయాన్లను, అవతలికి తోసేస్తాయి. అవతల ప్రోటాన్లు పోగుపడతాయి. తిరిగి రావడానికి వాటికి అనువైన దారి ఒకటే, ఏటీపీ సింథేజ్ అనే యంత్రం. దీన్ని టర్బైన్ అనడం అలంకారమేమీ కాదు. ప్రోటాన్లు దూరినప్పుడు అది నిజంగానే గిర్రున తిరుగుతుంది. ఒక చుట్టుకు మూడు ఏటీపీలు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దానికి మెరిసే పోగు ఒకటి తగిలించి, ఆ పోగు తిరగడాన్ని మైక్రోస్కోపులో చూపించారు. పొరకు అటూ ఇటూ ఉండే తేడా సుమారు 150 మిల్లీవోల్టులు. వినడానికి చిన్నదే. కానీ పొర మందం 5 నానోమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి, మీటరు లెక్కన చూస్తే అది సుమారు 3 కోట్ల వోల్టులవుతుంది.

ఈ ఆలోచనను 1961లో పీటర్ మిచెల్ ముందుకు తెచ్చినప్పుడు చాలామంది కొట్టిపారేశారు. అప్పట్లో అందరూ వెతుకుతున్నది ఏదో ఒక మధ్యంతర రసాయనం కోసం. అలాంటిదేమీ లేదు, తేడాయే ఇంధనం అన్నాడాయన. 1978లో నోబెల్ వచ్చింది.

38 సరైనదా, 32 సరైనదా?

ఇంటర్ బైపీసీ పిల్లలను ఏటా తికమకపెట్టే ప్రశ్న ఇది. ఒక గ్లూకోజు నుంచి 38 ఏటీపీలని పాత లెక్క, 30 నుంచి 32 అని కొత్త లెక్క. ఆహారం నుంచి ఎలక్ట్రాన్లను మోసుకొచ్చే అణువులు ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2. పాత లెక్కలో ఒక ఎన్ఏడీహెచ్‌కు మూడు, ఒక ఎఫ్ఏడీహెచ్2కు రెండు ఏటీపీల చొప్పున పూర్ణాంకాలు వేసుకున్నారు. పది ఎన్ఏడీహెచ్‌లకు 30, రెండు ఎఫ్ఏడీహెచ్2లకు 4, నేరుగా వచ్చేవి 4, మొత్తం 38. మిచెల్ చెప్పినట్టు మధ్యలో ఉన్నది ప్రోటాన్ల ప్రవాహమైతే, పూర్ణాంకమే రావాలన్న నియమం లేదు. కొలిస్తే 2.5, 1.5 చొప్పున వస్తున్నాయి. అప్పుడు 25, 3, 4 కలిపి 32. గ్లైకాలసిస్‌లో పుట్టిన ఎన్ఏడీహెచ్ మైటోకాండ్రియాలోకి వెళ్లే దారిని బట్టి అది 30కి కూడా దిగొచ్చు. కొన్ని ప్రోటాన్లు టర్బైన్ గుండా పోకుండా పొరలోంచి కారిపోతాయి కూడా, కాబట్టి కణంలో అందే సంఖ్య ఇంకాస్త తక్కువే. పరీక్షలో సిలబస్ పుస్తకంలో ఉన్న అంకె రాయక తప్పదు, అది వేరే సంగతి.

సమతుల్యం అంటే సమానం కాదు

‘శరీరంలో లవణాల సమతుల్యం’ అనే మాట రోజూ వింటాం. వింటే రెండు వైపులా సమానంగా ఉండటమే అనిపిస్తుంది. కణం విషయంలో రెండు వైపులా సమానమైపోతే దాన్ని చావు అంటారు. కణం బయట సోడియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్, లోపల 10 నుంచి 15. పొటాషియం దీనికి తలకిందులు, లోపల సుమారు 140, బయట నాలుగైదు. పొర ఎంత గట్టిదైనా సోడియం లోపలికి కారుతూనే ఉంటుంది, పొటాషియం బయటికి జారుతూనే ఉంటుంది. అడుగున చిల్లిపడ్డ నాటుపడవలో నీళ్లు తోడుతున్నట్టు, కారినదాన్ని తిరిగి తోడిపోసే పంపు ఒకటి పొరలో ఎప్పుడూ ఆడుతుండాలి. ఒక ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియంలను బయటికి, రెండు పొటాషియంలను లోపలికి పంపుతుంది.

ఈ పంపును 1957లో పీత కాళ్లలోని నరాల్లో కనిపెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ. నలభై ఏళ్లకు, 1997లో, ఆయనకు నోబెల్ దక్కింది. ఏటీపీ సింథేజ్ పనితీరును వివరించిన బోయర్, వాకర్‌లకూ అదే బహుమతిలో భాగం వచ్చింది.

మనిషి కదలకుండా పడుకున్నా, ఖర్చయ్యే శక్తిలో సుమారు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ ఒక్క పంపుకే పోతుంది. నాడీకణాల్లో ఆ వాటా సగం దాటుతుంది. బరువులో 2 శాతమే ఉన్న మెదడు, విశ్రాంతిలో శరీరం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం తీసుకోవడానికి ఇదొక పెద్ద కారణం. గాజువాక వైపు స్టీలు ప్లాంటు సంగతి తెలిసినవారికి ఇది కొత్తేం కాదు. కోక్ ఓవెన్లను ఉత్పత్తి తగ్గిన రోజుల్లోనూ చల్లారనివ్వరు, చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. ఏ సరుకూ బయటికి రాకపోయినా వేడి నిలబెట్టడానికి ఖర్చు ఉంటుంది. ‘ఏ పనీ చేయకుండానే అంత ఆకలేంటి’ అని ఇంట్లో అనే మాటకు కణం ఇచ్చే జవాబు కూడా ఇదే.

పంపు ఆగితే ముందు సోడియం లోపలే పోగుపడుతుంది. ఉప్పు ఉన్నచోటికి నీరు వస్తుంది. కణం ఉబ్బుతుంది, చివరికి పొర తెగుతుంది. గుండెపోటులోనూ పక్షవాతంలోనూ రక్తం అందని చోట మొదట జరిగేది ఈ ఉబ్బడమే.

35 డిగ్రీలకే విశాఖ ఎందుకు ఉడికిపోతుంది

కండ చేసే పనిలో పనికొచ్చేది 20 నుంచి 25 శాతం. మిగతాదంతా వేడి. విశ్రాంతిలో ఉన్న మనిషి కూడా పాతకాలపు 100 వాట్ల బల్బుకు దగ్గరగా వేడి వదులుతూ ఉంటాడు. ఆ వేడి ఒంట్లోంచి బయటికి పోవాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఆవిరవకుండా కారిపోయిన చెమట వల్ల చల్లదనం రాదు, నీళ్లూ ఉప్పూ పోవడమే మిగులుతుంది.

ఇక్కడే విశాఖకూ రెంటచింతలకూ తేడా. రెంటచింతలలో మే నెలలో 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు, అంటే వెట్ బల్బ్, చూపించేది 25 డిగ్రీల దగ్గర. విశాఖలో 35 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే అదే వెట్ బల్బ్ సుమారు 30 చూపిస్తుంది. టీవీలో కనిపించే అంకె విశాఖకు తక్కువ, చెమట ఆరే అవకాశం కూడా విశాఖలోనే తక్కువ. వెట్ బల్బ్ 35 దాటితే ఆరోగ్యవంతుడు నీడలో ఊరికే కూర్చున్నా తట్టుకోలేడని చాలాకాలంగా ఉన్న అంచనా. యువకుల మీద జరిపిన ఇటీవలి పరీక్షల్లో ఆ హద్దు 31 దగ్గరే కనిపించింది. అలాగని 44 డిగ్రీల ఎండ తేలికైనదేం కాదు. అక్కడ చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది, నీళ్లు ఎంత పోయాయో మనిషికి అర్థం కాదు.

చెమటలో ఉప్పు రక్తంలో కన్నా తక్కువే ఉంటుంది. గ్రంథి నుంచి పైకి వచ్చే దారిలో చర్మం కొంత సోడియాన్ని వెనక్కి తీసుకుంటుంది, దానికీ ఏటీపీ ఖర్చే. వేడికి ఒకటి రెండు వారాలు అలవాటు పడ్డాక ఈ వెనక్కి తీసుకోవడం మెరుగుపడుతుంది. మే మొదట్లో కొత్తగా వచ్చి పనిలో దిగిన కూలీ పడిపోవడానికీ, పక్కనే ఏళ్ల తరబడి చేస్తున్న మనిషి నిలబడటానికీ ఉన్న తేడాలో ఇదీ ఒక భాగం.

అయినా గంటల తరబడి చెమటోడ్చి వట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. అప్పుడు అన్ని లవణాలూ కలిపిన గాఢత కణాల బయట తక్కువ, లోపల ఎక్కువ. నీరు కణాల్లోకి వెళ్తుంది. పుర్రెలో చోటు లేదు కాబట్టి మెదడు కణాలు ఉబ్బితే తలనొప్పి, వాంతి, మతి తప్పినట్టు మాట్లాడటం, ముదిరితే ఫిట్స్. వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తే పరిస్థితి ముదురుతుంది.

డబ్బా మీద ‘ఎనర్జీ’

ఎనర్జీ డ్రింకుల్లో హుషారు ఇచ్చేది చాలావరకు కెఫీన్. దానిలో కణం కాల్చుకునే ఇంధనం లేదు. ఏటీపీ ఖర్చయ్యేకొద్దీ మెదడులో అడినోసిన్ పోగుపడి, ఇక చాలు అనే కబురు పంపుతుంది. కెఫీన్ ఆ కబురు అందుకునే చోట అడ్డంగా కూర్చుంటుంది. ఖర్చు మాత్రం అయిపోయిందే. నైట్ షిఫ్టులో మూడో డబ్బా తాగాక వచ్చే చేతి వణుకుకూ, తెల్లారాక ఒక్కసారిగా ముంచుకొచ్చే నిద్రకూ కారణం వేరే వెతకనక్కర్లేదు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది డీఎన్‌పీ (డైనైట్రోఫినాల్) అనే రసాయనం. 1930ల్లో అమెరికాలో బరువు తగ్గే మందుగా అమ్మారు. అది మైటోకాండ్రియా ఆనకట్టకు గండి కొడుతుంది. ప్రోటాన్లు టర్బైన్ తిప్పకుండానే వెనక్కి వచ్చేస్తాయి. కొవ్వు కరుగుతుంది, నిజమే. కానీ ఏటీపీ రాదు, ఆ శక్తంతా వేడిగా మారుతుంది. ఒంట్లో వేడి అదుపు తప్పి జనం చనిపోవడంతో 1938లో ఆపేశారు. అయినా ఇంటర్నెట్‌లో ‘ఫ్యాట్ బర్నర్’ పేరుతో అడపాదడపా దొరుకుతూనే ఉంది. చెమట ఆరని ఊళ్లో దాని సంగతి చెప్పనక్కర్లేదు.

ఓఆర్ఎస్: పేరుకు ఎందుకంత పట్టు

ఓఆర్ఎస్ కాని తీపి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనికోసం ఏళ్ల తరబడి పోరాడారు. రెండింట్లోనూ ఉప్పూ పంచదారే కదా, ఒక రవ్వ అటూ ఇటూ అయితే ఏమవుతుంది అనే సందేహం చాలామందికి ఇంకా ఉంది.

పేగు గోడలో గ్లూకోజునూ సోడియాన్నీ జంటగా లోపలికి తీసుకెళ్లే ద్వారం ఒకటుంది. ఒక గ్లూకోజుకు రెండు సోడియంలు. ఈ ద్వారం తనంతట తాను ఏటీపీ వాడదు. కణానికి అవతలి వైపు సోడియం పంపు నిరంతరం తోడిపోస్తుండటం వల్ల లోపల సోడియం తక్కువగా ఉంటుంది, ఆ తేడాయే దీన్ని నడిపిస్తుంది. సోడియం వెంట నీరు వెళ్తుంది. కలరాలో మిగతా దారులు దెబ్బతిన్నా ఇది మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ఇప్పటి డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. సోడియమూ గ్లూకోజూ సమానంగా 75 మిల్లీమోల్స్ చొప్పున పడతాయి. మొత్తం గాఢత లీటరుకు 245 మిల్లీఆస్మోల్స్, అంటే రక్తం గాఢత కన్నా కాస్త తక్కువ, అందుకే నీరు పేగులోంచి రక్తంలోకి నడుస్తుంది. పంచదార దీనికి ఎన్నో రెట్లు ఉన్న పానీయం తాగితే గాఢత పేగులోనే ఎక్కువవుతుంది. నీరు రక్తంలోంచి పేగులోకి వస్తుంది. విరేచనాలతో ఉన్న పసిబిడ్డకు అది పడితే విరేచనాలు పెరుగుతాయి.

కొబ్బరినీళ్ల మీద కూడా ఇదే రకం గందరగోళం. వాటిలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. ఎండన పడి వచ్చినవాళ్లకు హాయిగానే ఉంటుంది గానీ ఓఆర్ఎస్ చేసే పని చేయలేవు. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో పొటాషియం బయటికి పోక రక్తంలో పెరుగుతుంది, గుండె లయ తప్పొచ్చు. కొబ్బరితోటలకూ కిడ్నీ జబ్బుకూ రెండింటికీ పేరుపడ్డ ఉద్దానం విశాఖకు దూరమేం కాదు కాబట్టి, ఇక్కడి ఆసుపత్రులకు వచ్చే కిడ్నీ రోగులు డాక్టరును అడగకుండా బోండాం కొట్టించుకోకపోవడం మంచిది. ఉప్పు వేసిన గంజి, తరవాణి మాత్రం శాస్త్రానికి దగ్గరగానే ఉన్నాయి. గంజిలోని పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా విరుగుతూ, ఆ జంట ద్వారానికి ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా అందుతుంది.

ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. ప్యాకెట్ దొరికినప్పుడు తరచూ జరిగే పొరపాటు వేరు. లీటరు ప్యాకెట్‌ను సగం చింపి, కంటి అంచనాతో గ్లాసులో పోసి కలుపుతారు. గ్లాసు చిన్నదైతే ఉప్పు ఎక్కువవుతుంది, మళ్లీ నీరు తప్పు దిశలో నడుస్తుంది. ప్యాకెట్ మొత్తం లీటరు నీటిలో ఒకేసారి కలిపి, మూత పెట్టి, కొద్దికొద్దిగా పట్టించి, 24 గంటలు దాటిన మిగులును పారబోయాలి.